పరిణామ సిద్ధాంతము – మన విశ్వాసము

(శంషాబాదులో జరిగిన యౌవనస్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



మన డయోసిస్ నూరేండ్ల పండుగ జరుపుకొంటున్న ఈ తరుణములో యౌవనస్థులు మాకు ఒక కఠినమైన అంశమును అప్పగించారు. "డార్విను చెప్పినది నిజమైతే ఆదికాండము ఏమవుతుంది?" అన్నది వారి ప్రశ్న. ఈ మాట ఇంటిలో అడిగితే గద్దింపు, కాలేజీలో అడిగితే ఎగతాళి ఎదురవుతున్నవని వారు చెబుతున్నారు. అందుచేత కొందరు పాఠ్యపుస్తకము మూసివేస్తున్నారు, మరికొందరు గుడికి రావడము మానివేస్తున్నారు. రెండును సంఘమునకు నష్టమే.

ముందుగా ఆ సిద్ధాంతము ఏమి చెబుతున్నదో తెలుసుకొందాము. 1858లో డార్విను, వాలేసు అను ఇద్దరు ఆంగ్లేయుల రచనలు లండనులో ఒకేసారి చదవబడ్డవి. మరుసటి సంవత్సరము, 1859లో, డార్విను తన గ్రంథమును ప్రచురించాడు. అందలి ముఖ్యమైన సంగతి మన రైతులకు కొత్తది కాదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలైనా ఒకదానివలె ఒకటి ఉండవు. ఆ తేడాలలో కొన్ని సంతానమునకు సంక్రమిస్తాయి. పుట్టినవన్నీ బ్రతకవు. ఉన్న పరిస్థితికి తగినవి ఎక్కువ సంతానమును విడిచిపోతాయి. ఇట్లు వేలాది తరములు గడిచేసరికి జాతియే మారుతుంది. కోతి ఒకనాడు మనిషి అయిపోయినదని ఆయన చెప్పలేదు. మనకును వానరములకును బహు పూర్వకాలమున ఒకే మూలము ఉన్నదని మాత్రమే చెప్పాడు.

అంత కాలము ఎక్కడిది అని అడుగుతారు. మన శంషాబాదు చుట్టూ ఉన్న నల్లరాతి గుట్టలను చూడండి. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయము తెరువబడక ముందు ఇటువంటి బండలను ఎన్నిటినో పగులగొట్టవలసి వచ్చినది. హైదరాబాదు ప్రాంతపు ఈ రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పాత ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి వద్ద దొరికిన రాక్షసబల్లి ఎముకలకు 1988లో కోటాసారస్ అని పేరు పెట్టారు. అది సుమారు 18 కోట్ల సంవత్సరముల నాటిది. బిర్లా సైన్సు సెంటరులో దాని అస్థిపంజరమును మన సండేస్కూలు పిల్లలు చూసి వచ్చి, "అయ్యగారూ, ఇది నోవహు ఓడలో పట్టినదా?" అని అడుగుతారు. వారిని నవ్వి పంపివేయరాదు.

ఈ సిద్ధాంతము వైద్యమునకు ఏమి చేసినదో చెప్పడానికి మన పాత విమానాశ్రయము దగ్గరకే వెళదాము. బేగంపేటలో, ఆ విమానాశ్రయము పక్కన ఒక పాత భవనము ఉన్నది. 1897 ఆగస్టు 20న సర్ రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో చూచినది అక్కడే. దోమ సంగతి తేలినది గాని, మరొక ప్రశ్న మిగిలినది. కొన్ని రక్త వ్యాధులు ప్రాణాంతకమైనా, మలేరియా ఉన్న ప్రాంతములలోనే తరతరములుగా ఎందుకు నిలిచి ఉన్నవి? 1949లో జె.బి.ఎస్. హాల్డేను పరిణామ సిద్ధాంతముతో ఒక ఊహ చెప్పాడు. ఆ లోపము ఒక పాలు మాత్రమే ఉన్నవారిని మలేరియా అంతగా చంపలేకపోవచ్చునని ఆయన అన్నాడు. సికిల్ సెల్ విషయములో అది నిజమని 1954లో ఆలిసన్ అను వైద్యుడు చూపించాడు. తలిదండ్రులిద్దరి నుండియు ఆ లోపము వచ్చిన బిడ్డకు మాత్రము జీవితమంతా బాధయే. ఆదిలాబాదు, భద్రాచలము అడవి ప్రాంతములలోని మన గిరిజన సహోదరులకు ఇది పుస్తకములోని మాట కాదు, ఇంటిలోని దుఃఖము. 2023 జూలైలో ప్రారంభమైన జాతీయ పథకము క్రింద రక్తపరీక్షలు జరుగుతున్నవి. వివాహమునకు ముందే ఆ పరీక్ష చేయించుకొనడము జ్ఞానము.

ఈ హాల్డేనుకు మన తెలుగు నేలతో సంబంధము ఉన్నది. ఆయన 1957లో స్వదేశము విడిచి భారతదేశమునకు వచ్చాడు. పిఠాపురము వాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై, మన ప్రాంతములో మేనరికపు పెండ్లిండ్లు సంతానము మీద చూపే ప్రభావమును 1960ల తొలినాళ్లలో పరిశోధించాడు. హాల్డేను 1964లో భువనేశ్వరములో మరణించగా, ఆయన కోరిక ప్రకారము దేహమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల చదువు నిమిత్తము ఇచ్చారు. ఆయన మన విశ్వాసము గలవాడు కాడు. అయినను సత్యము ఎవరి నోట వచ్చినా అది దేవునిదే.

ఇక రెండవ వైపు. ఈ సిద్ధాంతమును తప్పుదారి పట్టించినవారు కూడా ఉన్నారు. బలవంతుడు నిలవాలి, బలహీనుడు పోవాలి అన్నట్లు దానిని మానవ సమాజమునకు అంటగట్టారు. 1883లో డార్విను బంధువైన గాల్టను మంచి వంశములను పెంచే "శాస్త్రము" అని ఒకదానికి పేరు పెట్టాడు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు బుద్ధిమాంద్యులని ముద్రవేసిన వారికి బలవంతపు ఆపరేషనులు చేయవచ్చునని తీర్పు చెప్పినది. హిట్లరు జర్మనీలో అది ఎంత వరకు పోయినదో లోకమునకు తెలుసు. ప్రకృతిలో ఏమి జరుగుతున్నదో శాస్త్రము చెబుతుంది. మనము ఏమి చేయవలెనో అది చెప్పదు. అల్పులను ఆదరించుమన్న ప్రభువు మాట అక్కడనే అవసరము.

అయితే ఇతరులను వేలెత్తి చూపే ముందు మన ఇల్లు చూసుకొందాము. 2009లో మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, లాల్జీ సింగ్, తంగరాజ్ గారలు, విదేశీయులతో కలిసి ఒక పరిశోధన ప్రకటించారు. దేశములో దాదాపు అందరము రెండు ప్రాచీన జనసమూహముల కలయిక వలన వచ్చినవారమేనని అందులో తేలినది. ఆ కలయిక సుమారు 4,200 నుండి 1,900 ఏండ్ల క్రితము వరకు సాగినదనియు, తరువాతనే కులములో కులము వారికే పిల్లనిచ్చే కట్టుబాటు బిగిసినదనియు 2013లో మరొక పరిశోధన చూపినది. అట్టి కట్టుబాటు వలన ఏ సమాజములోనైనా కొన్ని లోపములు నిలిచిపోతాయి. వైశ్యులలో కొందరికి ఆపరేషను సమయమున కండరములు సడలుటకు ఇచ్చే ఒక మందు పడదు. అది వారి తప్పు కాదు, కట్టుబాటు ఫలితము.

మరి మన సంగతి? బాప్తిస్మము ఒక్కటే, బల్ల ఒక్కటే. సంబంధము కుదుర్చునప్పుడు మాత్రము "వారు మాలలా, మాదిగలా, పై నుండి వచ్చినవారా?" అని విచారిస్తాము. ఒక రక్తమునుండి దేవుడు అందరిని చేసెనని ఆదివారము వింటాము, సోమవారము మరుస్తాము. ప్రయోగశాల కూడా అదే సాక్ష్యము చెబుతుండగా మనము సిగ్గుపడవద్దా?

ఆదికాండము మాటకు వత్తాము. తల్లి గర్భములో దేవుడే తనను నిర్మించెనని కీర్తనకారుడు పాడాడు. గర్భములో బిడ్డ ఏ నెలలో ఎట్లు ఎదుగునో నేడు డాక్టరు చెప్పగలడు. అంతమాత్రాన ఆ కీర్తన అబద్ధమైనదని ఏ తల్లియు అనదు. దేవుడు చేసెననుట ఒక మాట, ఏ రీతిగా చేసెననుట మరొక మాట. ఒకే బిడ్డ విషయములో చెల్లిన ఈ మాట సమస్త సృష్టి విషయములో ఎందుకు చెల్లదు? ప్రకృతి సంగతులు తెలియకుండ లేఖనము పేరట మాట్లాడితే అన్యులు నవ్వుతారని అగస్తీను భక్తుడు ఏనాడో హెచ్చరించాడు. అనువంశికత సూత్రములను 1866లో లోకమునకు అందించిన మెండెల్ ఒక క్రైస్తవ సన్యాసి. పరిణామము కేవలము ఊహ కాదని 1996లో పోపు రెండవ జాన్ పాల్ ఒప్పుకొన్నారు. ఆరు దినములను అక్షరార్థముగా నమ్మే సహోదరులు మన మధ్య ఉన్నారు. వారిని తృణీకరించరాదు, వారును ఇతరులను అవిశ్వాసులని తీర్పు తీర్చరాదు.

2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి పుస్తకమునుండి పరిణామ పాఠమును తొలగించినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ వ్రాశారు. ఒక పాఠమును దాచితే విశ్వాసము కాపాడబడదు. భయముతో కాపాడిన విశ్వాసము హాస్టలు గడప దాటదు.

కాబట్టి మూడు మనవులు. తలిదండ్రులారా, పిల్లలు ప్రశ్నించినప్పుడు కసురుకొనకండి. తెలియకపోతే "కలిసి తెలుసుకొందాము" అనండి. సంఘ పెద్దలారా, వివాహ ప్రకటన చదువుటకు ముందు కులము కాక ఆరోగ్యమును, శీలమును విచారించండి. యౌవనస్థులారా, జీవశాస్త్రమును బాగుగా చదవండి, మార్కులు తెచ్చుకొనండి, ఆదివారము వచ్చి మాతో వాదించండి. మంటినుండి తీయబడినవారమని మన గ్రంథము ఎప్పుడో చెప్పినది. ఆ మంటికి ఇంత దీర్ఘమైన చరిత్ర ఉన్నదని తెలిసినకొలది సృష్టికర్త ఓర్పు ఎంత గొప్పదో మనకు బోధపడుతుంది.

ఆయనకే మహిమ కలుగునుగాక. ఆమేన్.