పాత జీపు గేరుబాక్సుకు సరైన సామాను ఏది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరి పని గురించి వారు పది నిమిషాలు మాట్లాడాలని కార్యదర్శి గారు ఆదేశించారు. ఇంతకుముందు డాక్టరు గారు గుండె గురించి చెప్పారు. నేను గేరుబాక్సు గురించి చెబుతాను. నవ్వకండి. ఈ హాల్లో కనీసం నలుగురి ఇళ్ళల్లో, తండ్రిగారి కాలం నాటి జీపు షెడ్డులో పడి ఉందని నాకు తెలుసు.

అలా పడి ఉన్న బళ్ళలో చాలావాటికి ఇంజను బాగానే ఉంటుంది. గేరుబాక్సు విప్పారు, తెచ్చిన సామాను కుదరలేదు, విప్పింది విప్పినట్టే గోనెసంచిలో కట్టి మూల పెట్టారు. కొన్నాళ్ళకు సంచి పాత ఇనుము వాడికి పోయింది. దాని వెనకే బండీ పోయింది.

కొట్టుకు వెళ్ళి "అరవయ్యో మోడల్ జీపుకు గేరు కావాలి" అని అడగడంతోనే చిక్కు మొదలవుతుంది. బండి పుస్తకంలోని సంవత్సరం ఆ బండి లోపలి బాక్సుకు వర్తిస్తుందన్న హామీ లేదు. యాభై ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో, ఎక్కడ ఏ బాక్సు ఎక్కించారో ఎవరు చెప్పగలరు? డీజిల్ ఇంజను పెట్టించినప్పుడే బాక్సు మారిపోయిన జీపులు బోలెడు.

యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపులో ఉన్నది టీ-84 అనే బాక్సు. 1945లో మామూలు జనం కోసం వచ్చిన సీజే-2ఏ నుంచి టీ-90 వచ్చింది. మహీంద్రా వారు మన దేశంలో ఏళ్ళ తరబడి తయారుచేసిన సీజే-3బీలోనూ టీ-90 ఉండేది. రెండూ మూడు గేర్లవే. పైగా టీ-90 అన్న పేరుతోనే లోపల రెండు రకాలున్నాయి. మామూలు రకంలో మొదటి గేరు నిష్పత్తి 2.798, రెండోది 1.551. టీ-90సీ అనే రకంలో మొదటిది 3.339, రెండోది 1.851.

లోపల ఏది ఉందో తెలుసుకోవడానికి సుద్దముక్క చాలు. బాక్సు, దాని వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు కలిపి దింపి బల్ల మీద పెట్టండి. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక గుండ్రటి మూత ఉంటుంది. అది తీస్తే మెయిన్ షాఫ్టు చివరి నట్టు కనిపిస్తుంది. దాని మీద ఒక గీత, ముందువైపు ఇన్‌పుట్ షాఫ్టు మీద ఒక గీత గీయండి. ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్లో ఉంచి, బాక్సును మొదటి గేరులో వేసి, ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో తిప్పండి. వెనక నట్టు సరిగ్గా 10 చుట్లు తిరిగేసరికి ముందు షాఫ్టు 28 చుట్లు తిరిగితే మామూలు టీ-90. 33 దాటితే టీ-90సీ. 27కు కాస్త తక్కువలో ఆగితే టీ-84. రెండో గేరులో చూస్తే టీ-84కూ మామూలు టీ-90కూ తేడా చాలా కొద్దిగానే ఉంటుంది, అందుకే మొదటి గేరులోనే చూడాలి.

ఇప్పుడు లెక్కల మాస్టారు గారు మెచ్చుకునే సంగతి చెబుతాను. 3.339ని 2.798తో భాగించండి. 1.193 వస్తుంది. 1.851ని 1.551తో భాగించండి. మళ్ళీ 1.193. మొదటి గేరులోనూ రెండో గేరులోనూ తేడా ఒకే నిష్పత్తిలో ఉందంటే, ఆ తేడా రెండింటికీ ఉమ్మడిగా ఉన్న జతలోనే ఉండాలి. ఇన్‌పుట్ షాఫ్టు గేరు, అది తిప్పే క్లస్టర్ ముందు గేరు, ఆ రెండే ఉమ్మడి జత. బాక్సు విప్పకుండానే, ఏ సామాను దగ్గర జాగ్రత్తపడాలో నిష్పత్తుల లెక్క చెప్పేసింది.

రెండేళ్ళ కిందట ఏజెన్సీ ప్రాంతం నుంచి ఒక జీపు మా షెడ్డుకు వచ్చింది. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు జారి న్యూట్రల్లోకి వస్తోంది. దిగుడులో గేరు జారితే ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఆ బండిలో సంతకు జనం వెళతారు. ఊళ్ళోనే బాక్సు విప్పి చూస్తే క్లస్టర్ గేరు పళ్ళు చిట్లి ఉన్నాయట. పేరు చెప్పి కొత్త క్లస్టర్ కొన్నారు. వేసి చూస్తే పళ్ళు పైపైనే తగులుతున్నాయి. "నడిస్తే సర్దుకుంటుంది" అన్నాడట కొట్టాయన. గేర్లు సర్దుకోవు, ఒకదాన్నొకటి తింటాయి. ఆ ఓనరు గారు నమ్మకపోవడం ఆ సంతజనం అదృష్టం.

పాత సామానుతోనే బాక్సు కట్టి తిప్పి చూస్తే 33 దాటింది. అంటే ఇన్‌పుట్ గేరు తక్కువ పళ్ళది, కొన్న క్లస్టరేమో మామూలు రకానిది, దాని ముందు గేరూ చిన్నదే. రెండు చిన్నవి కలిస్తే మధ్యలో ఖాళీ మిగలక ఏం చేస్తుంది? రెండు గేర్లూ మామూలు రకానివి జతగా మార్చేస్తే పని తొందరగా అయిపోయేది. కానీ కొండ మీద తిరిగే బండికి లాగుడు ముఖ్యం. నెలన్నర వెతికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక తుక్కు బాక్సులోంచి సరైన క్లస్టర్ తెచ్చాం. పళ్ళు లెక్కపెట్టుకునే డబ్బిచ్చాను.

మిగతావి త్వరగా చెబుతాను. బాక్సు ఒంటి మీద ఉబ్బెత్తుగా ఉండే నంబరు పోత నంబరే గాని సామాను నంబరు కాదు, దాన్ని చూసి గేర్లు కొనకండి. బేరింగుకు మాత్రం జీపు పేరే అక్కర్లేదు. 6307 అని ఉంటే చివరి 07ని 5తో గుణించండి, లోపలి రంధ్రం 35 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 80, మందం 21. పాత పుస్తకాల్లో 307 అని ఉంటే అదే కొలత. నంబరు చివర ఎన్ అక్షరం ఉంటే బయటి రింగు మీద లాకు రింగు కోసం గాడి ఉంటుంది. ఆ గాడి లేని బేరింగు చవగ్గా దొరికినా వద్దు.

ట్రాన్స్‌ఫర్ కేసు స్పైసర్ 18 అయితే దాని మధ్య షాఫ్టు మూడు సైజుల్లో వచ్చింది: ముప్పావు అంగుళం, అంగుళం ఒకటింట ఎనిమిదో వంతు, అంగుళంపావు. వెర్నియర్ పెట్టి చూడకుండా షాఫ్టుగాని, దాని బేరింగులుగాని కొనవద్దు.

మరో మాట. బండి కదులుతుండగా మొదటి గేరు వేస్తే గర్రుమంటోందని సింక్రో రింగు కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళున్నారు. ఈ బాక్సుల్లో సింక్రో రెండో గేరుకు, మూడో గేరుకే. మొదటి దానికి కంపెనీయే పెట్టలేదు. బండి ఆపి వేసుకోవాలి, అంతే. ఆ సలహాకు నేను డబ్బు తీసుకోను.

విప్పిన టీ-90 బాక్సు ఒకటి వరండాలో బల్ల మీద పెట్టించాను, సుద్దముక్క కూడా పక్కనే ఉంది. భోజనాలయ్యాక వచ్చి తిప్పి చూడండి. పట్టుచీరలవారు మాత్రం కాస్త దూరంగా నిలబడండి, ఎంత తుడిచినా గ్రీజు పూర్తిగా పోలేదు.