ఉపసంహారము నేర్చిన చేయి

 

మహాభారతమున సౌప్తిక పర్వమందలి ఒక ఘట్టమును నేడు స్మరించుకొందము. అశ్వత్థామ, అర్జునుడు ఇరువురును ద్రోణాచార్యుల శిష్యులే. బ్రహ్మశిరోనామకాస్త్రము ఇరువురకును తెలియును. ఇరువురును ప్రయోగించిరి. నారద వ్యాస మహర్షులు నడుమ నిలిచి వారింపగా అర్జునుడు తన అస్త్రమును మరలించెను. అశ్వత్థామకు మరలించుట చేతకాలేదు. ఆ అస్త్రము తుదకు ఎవరిపై పడినది? ఉత్తర గర్భమందలి శిశువుపై! పెద్దల ఆగ్రహమునకు పసికందు గురియయ్యెను.

నేడు ప్రతి ఉపాధ్యాయుని చేతిలోను అట్టి సాధనమొకటి కలదు. అదియే సెల్‌ఫోను. దానిని నిందింపరాదు. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా తెలంగాణ పిల్లల ఇండ్లకు పాఠములు చేరినవి. టీవీ లేని ఇంట ఫోనే పలక అయినది. ప్రయోగము అందరమును నేర్చితిమి. ఉపసంహారమో?

నేనెరిగిన ఒక ఉపాధ్యాయుడు పరీక్ష మార్కుల పట్టికను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఉంచెను. అందరకును త్వరగా తెలియవలెననియే ఆయన తలంపు. అన్నిటికంటె తక్కువ మార్కులు వచ్చిన బాలుడు మూడు దినములు బడికి రాలేదు. ఆయన పట్టికను తొలగించెను గాని, చూచిన కన్నుల నుండి దానిని తొలగింపగలమా? తుదకు ఆ యింటికి తానే వెళ్లి, తల్లిదండ్రుల యెదుట "తప్పు నాది నాయనా" అనెను. మరునాడు బాలుడు బడికి వచ్చెను. వ్రేలి కొనతో చేసిన గాయమును మాన్పుటకు కాలినడకన పోవలసి వచ్చినది.

కావున పంపుటకు ముందు, "దీనిని నేను మరలించగలనా?" అని ప్రశ్నించుకొనుడు. ఒక బిడ్డ మార్కులను ఆ బిడ్డ తల్లిదండ్రులకే చెప్పుడు. ఏడ్చుచున్న బిడ్డను, దండన పొందుచున్న బిడ్డను ఎన్నడును ఫొటో తీయకుడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సైతము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగానే ఎంచి, వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతిని నియమముగా విధించినది.

మరియొక ఉపసంహారము కలదు. అది మనస్సును మరలించుట. తాబేలు అవయవములను ముడుచుకొనునట్లు ఇంద్రియములను మరలించుమని గీతాచార్యుని బోధ. పాఠము నుండి చెదరిన విద్యార్థి మనస్సు మరల కుదురుకొనుటకు 20 నిమిషముల వరకు పట్టవచ్చునని యునెస్కో 2023 నివేదిక తెలిపినది. అనగా ఒక్క ఫోను మ్రోతకు సగము తరగతి వ్యర్థము! బోధించువాని ఫోను సంచిలో ఉన్ననే గదా, బాలుని ఫోను ఇంట ఉండుమని చెప్పుటకు అర్హత కలుగును!

పరీక్షిత్తును శ్రీకృష్ణుడు బ్రతికించెను. స్వామి కాపాడునని తలచి మనము పసివారిపై అస్త్రములు విడువరాదు. మరలించు వివేకమును ఆ పరమాత్మ మన చేతులకు ప్రసాదించుగాక!

స్వస్తి.