చిన్న మాట, పెద్ద తికమక

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను భాష గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పండితుణ్ణి కాను. ఇంటర్మీడియట్ పాసై 1990లో సిగ్నల్స్‌లో చేరి, 2018లో సుబేదారుగా రిటైరైనవాణ్ణి. కాకపోతే ఆ 28 ఏళ్ళూ దేశంలోని అన్ని భాషల వాళ్ళతో కలిసి తిన్నాను, ఒకే బ్యారక్‌లో పడుకున్నాను. అక్కడ నేను తెలుసుకున్నది ఒక్కటే. మనల్ని తికమక పెట్టేవి పెద్ద మాటలు కావు, ఒకటి రెండు అక్షరాల చిన్న మాటలు. పెద్ద మాట తెలియకపోతే తెలియదని మనకే తెలుస్తుంది, పక్కవాణ్ణి అడుగుతాం. చిన్న మాట అచ్చం మన మాటలాగే వినపడుతుంది. అందుకని అడగం. చిక్కంతా అక్కడే.

జబల్‌పూర్‌లో ట్రైనింగ్ మొదటి వారం. ఉస్తాద్ "దాహినే ముడ్" అని అరిచాడు. నా పక్కనున్న శ్రీకాకుళం కుర్రాడు "మూడు అంటున్నాడేంట్రా, ఒకటీ రెండూ ఎప్పుడయ్యాయి?" అని మెల్లగా అడిగాడు. నవ్వు ఆపుకోలేక నేనూ వాడితోపాటు గ్రౌండు చుట్టూ పరుగెత్తాను. మధ్యాహ్నం లంగర్‌లో పల్చని దాల్ చూసి, ఇదేదో మన చారులా ఉందనుకుని "చారు, చారు" అన్నాను. వడ్డించేవాడు నాలుగు రొట్టెలు పళ్ళెంలో పడేశాడు. ఇంకో రొట్టె చూపించి "లే" అన్నాడు. లెమ్మంటున్నాడేమోనని పళ్ళెంతో సహా లేచి నిలబడ్డాను. అతను అన్నది "తీసుకో" అని!

ఇలాంటివి మీ అందరికీ అనుభవమే. మనకు ఆట అంటే ఆడుకునేది, వాళ్ళకు ఆటా అంటే గోధుమపిండి. "ఈ కంబళి నీదేనా?" అని అడిగితే "నా" అన్నాను, నాది అనే అర్థంలో. వాళ్ళకు "నా" అంటే కాదు. కంబళి ఇంకొకడికి వెళ్ళిపోయింది. మా నిజామాబాద్ తమ్ముడు పంజాబీ డ్రైవరును "దా, దా" అని పిలిస్తే అతను "కిస్ దా?" అన్నాడు. పంజాబీలో "దా" అంటే "యొక్క". ఎవరిది అని అడిగాడన్నమాట.

ఒకసారి మావాడొకడు కష్టపడి ఉప్మా చేసి పక్క యూనిట్ గూర్ఖా సోదరుడికి పెట్టాడు. అతను తిని "మీఠో ఛ" అన్నాడు. మావాడికి మండిపోయింది. ఉప్పు వేసిన ఉప్మాను తీపి అంటాడా, పైగా ఛ అంటాడా అని. నేపాలీలో "మీఠో" అంటే రుచిగా, "ఛ" అంటే ఉంది. మెచ్చుకుంటే తిట్టాడనుకున్నాం! లదాఖ్ వెళ్ళినప్పుడు జోజిలా, ఖార్దుంగ్‌లా అనే పేర్లు విని "దేనిలా?" అని జోకులు వేసుకునేవాళ్ళం. టిబెటన్, లదాఖీ భాషల్లో "లా" అంటే కనుమ. ఆ కనుమ ఎక్కి ఊపిరి అందనప్పుడు జోకులు ఆగిపోయాయి.

ఎందుకిలా జరుగుతుంది? నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ఒక హల్లు, ఒక అచ్చు కలిస్తే వచ్చే శబ్దాలు ఏ భాషలోనైనా కొద్దివే. చెప్పుకోవలసిన పనులేమో వేలు. కాబట్టి ప్రతి భాషా ఆ కొద్ది శబ్దాలనే తనకు కావలసిన పనిలో పెట్టుకుంటుంది. సెంట్రీ పోస్టు ఒకటే, డ్యూటీ మారితే మనిషి మారతాడు. అంతే.

ఒక మాట కలిసినంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. చుట్టరికం ఉంటే మాటలు వరసలో కలుస్తాయి. కన్నడంలో కివి, మనకు చెవి. వాళ్ళకు కెరె, మనకు చెరువు. అక్కడ "క" ఉన్నచోట ఇక్కడ "చ", పెరేడ్‌లో నిలబడ్డట్టు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానివని మద్రాసు కలెక్టరుగా పనిచేసిన ఎల్లిస్ దొర 1816లోనే ఇలాంటి పోలికలతో చూపించాడు. హిందీ, నేపాలీ వేరే కుటుంబం. టిబెటన్ మరో కుటుంబం. వాటితో మన "లే", "ఛ", "లా" కలవడం రైల్లో ఇద్దరు ఒకే రంగు చొక్కా వేసుకోవడంలాంటిది.

చిన్న మాట ప్రమాదం సిగ్నల్స్ వాళ్ళకు బాగా తెలుసు. వైర్‌లెస్‌లో బి, డి, పి, టి అన్నీ ఒక్కలాగే వినపడతాయి. అందుకే బ్రావో, డెల్టా, పాపా, టాంగో అంటాం. 1956 నుంచి అంతర్జాతీయంగా వాడుతున్న పద్ధతి అది. "నో" అనకుండా "నెగెటివ్" అంటాం. పొడుగు మాట చెడినా సగమైనా మిగులుతుంది. చిన్న మాట చెడితే ఇంకేమీ మిగలదు.

ఇక నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1994లో పంజాబ్‌లో ఉన్నాను. ఒక ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి మా ఊరికి ఫోన్ చేశాను. లైను సరిగ్గా లేదు. "మరి డబ్బులు అందాయా? అమ్మ మరి మందులు వేసుకుంటోందా? అమ్మ, మరి..." అని గట్టిగా అరుస్తున్నాను. బయట నిలబడ్డ నా రోహ్‌తక్ మిత్రుడు ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. హిందీలో "అమ్మా మరీ" అంటే అమ్మ చనిపోయింది అని అర్థం. నేను లైన్స్‌కు వచ్చేసరికి సీనియర్ జేసీవో సాబ్ నా సెలవు దరఖాస్తు రాయించి ఉంచారు. బ్యారక్‌లో అందరూ తలా కొంత వేసి, చేతిరుమాల్లో డబ్బు మూటకట్టి నా మంచం మీద పెట్టారు. సంగతి తెలిసి అందరూ పడీపడీ నవ్వారు. ఆ మూట చూశాక నాకు మాత్రం నవ్వు రాలేదు.

2003లో మా అమ్మ నిజంగానే పోయింది. నేను లదాఖ్‌లో, అతను అంబాలాలో. ఎక్స్ఛేంజివాళ్ళను బతిమాలి లైను కలిపించుకుని "అమ్మా మరీ" అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా "మీ భాషలోనా భాయ్, మా భాషలోనా?" అని అడిగాడు. "మీ భాషలోనే" అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

మొదటిసారి అతను అడగలేదు. రెండోసారి అడిగాడు. నేను చెప్పదలచుకున్నది అదే. 2022 నుంచి అగ్నివీరులుగా చేరుతున్న మన పిల్లలకు ఇంట్లో ఇది చెప్పి పంపండి. పక్కవాడి నోట చిన్న మాట విని కోపమొస్తే, చెయ్యెత్తే ముందు "దీనికి మీ భాషలో అర్థమేంటి భాయ్?" అని ఒక్కసారి అడగమనండి. అడిగితే పోయేదేమీ లేదు. అడగకపోతే ఒక్కోసారి స్నేహితుడే పోతాడు.

 జై హింద్.