పడవలో చోటు

 

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎన్డీఆర్‌ఎఫ్ పడవలు, హెలికాప్టర్లు వచ్చాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. ఇల్లు వదిలితే దొంగలు పడతారన్న భయంతో మేడల మీదే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు.

అలాంటివాళ్లను కాపాడిన ఖర్చు వాళ్ల దగ్గరే వసూలు చేయాలనే మాట ఇప్పుడు చదువుకున్నవాళ్ల నోట వింటున్నాను. నిజమే, 2005 విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షన్ ప్రకారం, సరైన కారణం లేకుండా ఇల్లు ఖాళీ చేయమన్న ఆదేశాన్ని కాదంటే ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో నిర్లక్ష్యంగా కొండలెక్కి చిక్కుకున్నవాళ్లకు బిల్లు వేస్తారు. కానీ కొండెక్కేది సరదాకి. మన వీధుల్లో మనిషి ఆగిపోయేది మంచం దిగలేని తండ్రి కోసం, కట్టుగొయ్యకున్న గేదె కోసం, బతుకుతెరువైన కుట్టుమిషను కోసం. పైగా బుడమేరు కబురు తమకు వేళకు అందలేదని బాధితులు మొత్తుకున్నారు. కబురే అందనివాళ్లకు బిల్లు పంపడం అన్యాయం. బిల్లుకు జడిసి, పీకలదాకా వచ్చేవరకు సాయం అడగనివాళ్లూ ఉంటారు.

అయినా ఆగిపోయేవాడి బాధ్యత తీరిపోదు. పడవలో చోటుకు ఖరీదు రూపాయల్లో ఉండదు. కాళ్లూ చేతులూ బాగున్న యువకుడు మొదట రానని చెప్పి, నీళ్లు పెరిగాక రమ్మని పిలిస్తే, ఆ పడవ పక్కవీధిలో డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషిని వదిలి ఇటు తిరగాలి. పడవ నడిపే కుర్రాడికీ ఇంట్లో ఎదురుచూసే పిల్లలు ఉంటారు.

కదలడం వల్ల ఏమవుతుందో ఈ డెల్టాకు తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గరే మరో పెను తుపాను తీరం దాటింది. అప్పటికే లక్షన్నర మందిని తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. అదీ ఎక్కువే, నిజమే.

ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో కొందరు రేపు తహసీల్దార్లు అవుతారు, గేట్లెత్తే ఇంజనీర్లు అవుతారు. ఆదేశం ఇచ్చేటప్పుడు ఏ వీధి, ఎన్ని గంటలకు, బస్సు ఎక్కడ, గొడ్లను ఎక్కడ కడతారు, తాళం వేసిన ఇళ్లకు కాపలా ఎవరు అన్నీ చెప్పండి. ఆదేశం మీ గుమ్మం దాకా వస్తే, వీధిలో నడవలేనివాళ్లను ముందు ఎక్కించి, ఆ మొదటి బస్సులోనే మీరూ వెళ్లండి. చదువుకున్నవాడు కదిలితే పక్కింటివాళ్లు తాళం వేయడం మొదలుపెడతారు.