లేబుల్ మీద మీ సంతకం



పట్టాలు అందుకుంటున్న ఫుడ్ టెక్నాలజీ, న్యూట్రిషన్ విద్యార్థులారా, మీరు చదివిన పాఠమే ఒకటి గుర్తుచేస్తాను. విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించింది; అందులో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. సోడియాన్ని వెంటబెట్టుకుని పేగు గోడ దాటడానికి అంత చాలు. చక్కెర మోతాదు మించితే ఒంట్లో నీరే పేగులోకి దిగి విరేచనాలు ఎక్కువవుతాయి. అయినా చక్కెర దండిగా కలిపిన టెట్రా ప్యాక్‌లు పేరులో ‘ఓఆర్ఎస్’ తగిలించుకుని మన మందుల షాపుల్లో ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. పిల్లాడు నీరసించిపోతుంటే ఏ తల్లి వెనకవైపు అక్షరాలు చదువుతుంది?

హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్లపాటు పోరాడారు, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. దేశ ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దంది. జులైకల్లా మెత్తబడింది: ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ కాదు’ అని రాస్తే పేరు ఉంచుకోవచ్చంది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ వెసులుబాటునూ తీసేసింది.

నాకు మింగుడుపడనిది ఆ మధ్యలో గడిచిన మూడేళ్లు. పెద్దక్షరాల్లో ఔనని, చిన్నక్షరాల్లో కాదని చెప్పే పెట్టెకు నియంత్రణ సంస్థే ఒప్పుకుంది. చట్టం లేకనా? 2006 ఆహార భద్రత చట్టం 24వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధించింది. 53వ సెక్షన్ 10 లక్షల దాకా జరిమానా వేయమంది. (పెద్ద కంపెనీకి అదొక లెక్కా అనకండి, నాకూ అదే అనుమానం.) 2018 నాటి ప్రకటనల నిబంధనలైతే ఆరోగ్యానికి మేలని చెప్పే ప్రతి మాటకూ శాస్త్రీయ ఆధారం చూపమన్నాయి.

ఆ ఆధారాల ఫైలు తయారుచేసేది రేపు మీరే. తనిఖీకి వచ్చే ఫుడ్ సేఫ్టీ ఆఫీసరూ మీలో ఒకరే కావచ్చు. మార్కెటింగ్ వాళ్లు వచ్చి ఓ పొడి డబ్బా మీద ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని వేద్దామంటారు. అడగండి: పరీక్ష జరిగింది ఈ పొడి మీదా, ఇందులో చిటికెడు కలిపిన ఒక పదార్థం మీదా? ఎలుకల మీదా, మనుషుల మీదా? ఆ మోతాదు ఈ చెంచాలో పడుతుందా? జవాబు నోటిమాటగా వద్దు. కాగితం మీద, తేదీ వేయించి తీసుకోండి.