బ్లాక్ రివర్ లోయలో మా నడక



మేము, అంటే సాయంకాలపు తెలుగు తరగతివారము, పెట్రిన్ వద్ద బయలుదేరి మకాబే అడవి గుండా బ్లాక్ రివర్ లోయ అడుగు వరకు నడిచి వచ్చాము. చూచినది చెప్పమన్నారు.

లోయ పొడవునా నల్లరాయే. సుమారు 80 లక్షల ఏళ్ళ క్రితం మొదలై పొరలు పొరలుగా గడ్డకట్టిన లావాను ఏరు కోసుకుంటూ దిగింది. చెరకు పొలాల్లో మన పెద్దలు ఏరి గుట్టలు పోసినదీ యీ జాతి రాయే. ఇక్కడొక చుట్టరికం చెప్పాలి. 6.6 కోట్ల ఏళ్ళనాడు దక్కను నల్లరాతిని పోసినదీ, తరువాత మారిషస్ దీవిని లేపినదీ భూమి లోపలి ఒకే నిప్పుల ఊట అని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్తారు. ఆ దక్కను లావా గోదావరి ఒడ్డున రాజమండ్రి దాకా పారింది. మనవాళ్ళు కోరంగి రేవులో ఓడ ఎక్కక ముందే రాతికీ రాతికీ బంధుత్వం కలిసి వున్నదన్నమాట!

మకాబేలో ఎబొని చెట్లు వున్నాయి. బీడీ ఆకులిచ్చే మన తునికి చెట్టుకు ఇది దాయాది. 1638లో స్థిరపడిన డచ్చివారు 1710లో వెళ్ళిపోయేలోగా ఎన్నిటినో నరికి ఓడలకెత్తారు. మిగిలినవాటికి యిప్పుడు ఇంకొక గండం. అది మనకెంతో యిష్టమైన చీనా జామ.

పేరుకే చీనా, పుట్టిల్లు బ్రెజిల్. జూన్ నెలలో ఉప్పు, మిరపకాయ, చింతపండు కలిపి తినని యిల్లు మనలో వున్నదా? కాని దాని పొదల కింద వెలుతురు చొరదు. ఎబొని మొక్క పైకి రాదు. పక్షులు, కోతులు, అడవిపందులు గింజలను లోయంతా చల్లుతాయి. మంచి స్థితిలో వున్న స్వదేశీ అడవి దీవిలో నూటికి రెండు పాళ్ళు కూడ లేదు. బ్రీజ్ ఫేర్ వద్ద కంచె వేసి జామను పెరికిన చోట చిన్న మొక్కలు మోకాలెత్తు లేచి వుండగా చూచాము. పండ్ల చెట్టును పెరకడం పాపం కాదా అని మాలో ఒక పెద్దమ్మ అడిగింది. పక్కనే ఒక ముసలి ఎబొని వుంటే, దానికి పిల్లలేవీ అని ఒక చిన్నవాడు అడిగాడు. పెద్దమ్మ కొంతసేపు మాట్లాడలేదు.

గులాబి పావురం ఒకటి కనబడింది. 1990 ప్రాంతంలో అడవిలో పది మాత్రమే మిగిలిన పక్షి యిది. నేడు వందల్లో వున్నది.

వచ్చే జూన్‌లో మళ్ళీ వెళ్తాము. మీరూ రండి, జామపండ్లు కడుపారా తినండి. గింజలు మాత్రం దారిలో వుమ్మవద్దు. సంచిలో వేసి యింటికి తెచ్చి పారవేయండి.