హాస్టల్ గదులు ఖాళీ అయ్యే వారం
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పొదుపు, అప్పుల లెక్కలు ఇప్పుడే విన్నారు. మేం ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ల సామాను సంగతి చెప్తాం.

ఫైనలియర్ పిల్లలు పరీక్షలు రాసి వెళ్లిపోయే వారం హాస్టల్ వెనకాల చూడాలి. బకెట్లు, మగ్గులు, పరుపులు, దుప్పట్లు, డ్రాఫ్టర్లు, ల్యాబ్ కోట్లు, సగం రాసిన రికార్డులు. పిల్లల్ని తిట్టి లాభం లేదు. బకెట్ ఖరీదు కంటే దాన్ని ఇంటికి పంపే ఖర్చే ఎక్కువ. అమెరికాలోనూ ఇదే కథ. న్యూహాంప్‌షైర్ యూనివర్సిటీలో 2011లో విద్యార్థులే ఇలాంటి సామాను పోగుచేసి, తర్వాత చేరేవాళ్లకు తక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టారు. మన ఊళ్ల నుంచి అక్కడికి చదువుకోను పోయిన పిల్లలు కూడా కొందరు ఎవరో వదిలేసిన పరుపు, బల్లతోనే గది సర్దుకున్నారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పరు గానీ!

మనం మొదట మాట్లాడింది ప్రిన్సిపాల్ గారితో కాదు, హాస్టల్ ఊడ్చే అక్కలతో. ఏటా ఆ సామాను ఏరి పాతసామాన్ల కొట్టుకు వేసుకునేది వాళ్లే. వేసవిలో ఆ డబ్బే ఆసరా. "మంచివన్నీ మీరు పట్టుకుపోతే మాకు మిగిలేది చెత్తేనా?" అని సూటిగా అడిగారు. న్యాయమే కదా. సేవ పేరు చెప్పి వాళ్ల నోటి దగ్గరి కూడు లాగడం మనకు తగదు. అందుకే తీర్మానం రాసుకున్నాం: మొదట ఏరుకునే హక్కు వాళ్లది, అట్టలు, సీసాలు పూర్తిగా వాళ్లవి, మనతో కూర్చుని సామాను వేరుచేసిన రోజులకు కూలి. కూలి ఎక్కడి నుంచి తెస్తారని కొందరు లీడర్లు గట్టిగానే అడిగారు. అమ్మిన డబ్బులోంచే ఇచ్చాం.

పరుపులతో పెద్ద పని. నల్లులున్నవి దగ్గరికే రానివ్వలేదు. దూది పరుపులు విప్పి, ఎండబెట్టి, ఏకించి కొత్త గలీబు కుట్టాం. పాత దుప్పట్లు బొంతలయ్యాయి. రికార్డుల్లో తెల్లకాగితాలు చింపి నోటుబుక్కులుగా కుట్టించాం. కెటిళ్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు కరెంటు పని తెలిసినతను చూసి సరేనంటేనే బయటికి వచ్చాయి. డ్రాఫ్టర్లు, ల్యాబ్ కోట్లు బీటెక్, పాలిటెక్నిక్‌లో కొత్తగా చేరే మన సభ్యుల పిల్లలకు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఫీజుకొస్తుంది, డ్రాఫ్టరుకు రాదు కదమ్మా.

ఊరికే ఇవ్వొచ్చు కదా, పది రూపాయలు ఎందుకని ఇప్పటికీ అడుగుతున్నారు. ఊరికే ఇస్తే ఏది చేతిలో పెడితే అది మొహమాటంతో పుచ్చుకోవాలి. పది రూపాయలిచ్చినావిడ బకెట్‌ను వెలుగులో తిప్పి చూస్తుంది, పగులుంటే పక్కన పెట్టి ఇంకోటి అడుగుతుంది. అలా అడగాలనే మేం కోరుకున్నాం.

వచ్చే ఏడు ఇంటర్ హాస్టళ్లను కూడా కలుపుకుందామని ఆలోచన. అవి ముందే, మార్చిలోనే ఖాళీ అవుతాయి. ట్రంకుపెట్టెలు వస్తాయి, చోటు చాలదు. రోడ్డు పక్కన, ఆటో వచ్చే దారిలో ఖాళీ గది ఉన్న గ్రామ సంఘాలు ఫిబ్రవరి మీటింగులోపు పేరు రాయించండి. ఏ రోజు ఏ హాస్టల్ అన్నది మాత్రం అక్కడ ఊడ్చే అక్కలతో మాట్లాడాకే ఖాయం చేస్తాం.